ఉన్ని చిల్లుకి ఉన్నే మందు: చిమ్మట కొట్టిన స్వెట్టర్లతో నా అనుభవం

నీడిల్ ఫెల్టింగ్‌లో దారం ఉండదు, కుట్టు ఉండదు, ముడి ఉండదు. చిల్లు మీద కాస్త ఉన్ని పరిచి, గాట్లున్న సూదితో పైనుంచి కిందికి పొడుస్తూ పోతే ఆ ఉన్ని బట్టలోకి దిగి అక్కడున్న ఉన్నిని పట్టుకుంటుంది. సూది దారి చూపిస్తుందంతే, పట్టుకునేది ఉన్నే. అందుకే ఈ పనిలో చేయి తిరగడం కన్నా, ఒళ్ళో పెట్టుకున్నది ఎలాంటి ఉన్నో తెలుసుకోవడం ముఖ్యమని నా నమ్మకం. ఒక చలికాలమంతా ఇంట్లోని ఉన్ని బట్టలతో కూర్చున్నాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

మేం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఒక పాత రాతి భవనంలో ఉంటాం. గోడ నుంచి గోడ దాకా ఉన్ని తివాచీ, ఏడాదిలో ఎక్కువ నెలలు హీటింగ్, కిటికీలు తెరవని శీతాకాలం. బట్టల చిమ్మటకి ఇంతకన్నా ఏం కావాలి? హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, అక్కడ స్వెట్టర్ వాడేదే నాలుగు వారాలు. మిగతా ఏడాదంతా బీరువా అడుగున నాఫ్తలీన్ ఉండల మధ్య పడి ఉండేది. ఇక్కడ ఉన్ని లేకుండా రోజు గడవదు. అక్టోబర్‌లో చలి బట్టలు బయటికి తీస్తే నా నేవీ బ్లూ లాంబ్స్‌వుల్ కార్డిగన్, మా ఆయన బూడిదరంగు షెట్లాండ్ స్వెట్టర్, చారిటీ షాపులో కొన్న హారిస్ ట్వీడ్ కోటు, పెళ్ళిలో అత్తమ్మ పెట్టిన కాశ్మీరీ శాలువా, అన్నింటికీ చిల్లులే.

ముందు పురుగు సంగతి చూడాలి. అది లోపల ఉండగా ఎంత బాగుచేసినా వృథా. బట్టలు తినేది ఎగిరే చిమ్మట కాదు. బియ్యపు గింజంత ఉండే ఆ బంగారు వన్నె చిమ్మట అసలేమీ తినదు, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఒక్కోటి నలభై యాభై గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే తెల్లటి పురుగులు ఉన్నిలోని కెరటిన్‌ని తిని బతుకుతాయి. మన జుట్టులో, గోళ్ళలో ఉండేది కూడా ఆ కెరటినే. వాటికి చీకటి కావాలి, కదలిక లేని చోటు కావాలి. చెమట, కూర మరకలు ఉన్న భాగమంటే మరీ ఇష్టం. అందుకే చిల్లులు ఎక్కువగా కాలర్ కింద, చంకల దగ్గర, పొట్ట మీద పడతాయి. లైటు చుట్టూ తిరిగే పురుగుల్ని చూసి ఇవే బట్టలు కొట్టేశాయని అనుకుంటాం గానీ, బట్టల చిమ్మట వెలుగంటే పారిపోతుంది.

నేను చేసిందల్లా ఫ్రీజర్ వాడటం. ఒక్కో బట్టనీ దులిపి, పాలిథిన్ కవర్లో గాలి లేకుండా మూతి బిగించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాను. ఇంటి ఫ్రీజర్లు మామూలుగా ఆ చలికి వస్తాయి. మ్యూజియంల వాళ్ళూ పాత ఉన్ని బట్టలకి చలి వైద్యమే చేస్తారు. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగితే తేమ కవర్ పైన పడుతుంది, బట్ట మీద పడదు. బఠాణీలు, కరివేపాకు పొట్లాలు కొన్నాళ్ళు పక్కింటి ఫ్రీజర్లో తలదాచుకున్నాయి. ఈలోగా తివాచీ అంచులు, అల్మరా మూలలు, మంచం కింద అంతా వాక్యూమ్ చేశాం. దానికి పట్టిన ఓపిక సూది పనికి కూడా పట్టలేదు.

అమ్మ వీడియో కాల్‌లో ఆ బట్టల గుట్ట చూసి, "ఇన్ని బొక్కలు వడ్డంక కొత్తది కొనుక్కోరాదు బిడ్డా, ఎందుకింత తిప్పలు?" అంది. కొనుక్కోవచ్చు. కానీ ఆ కార్డిగన్‌లాంటి మందమైన, మెత్తటి ఉన్ని ఇప్పుడు అదే ధరకి దొరకదు. చేతిలో మంచి బట్ట ఉండగా చిటికెన వేలి గోరంత చిల్లుల కోసం దాన్ని పారేయడానికి నాకు మనసొప్పలేదు. పైగా గొర్రె ఏడాదంతా పెంచిన ఉన్ని అది. ఇది పీనాసితనం అని ఎవరైనా అనుకున్నా నాకు ఫర్వాలేదు.

ఏది ఉన్ని, ఏది కాదు అన్నది మొదటి పరీక్ష. చలికాలం వస్తే మన ఊళ్ళలో టిబెటన్లు స్వెట్టర్ల దుకాణాలు పెడతారు కదా, అక్కడ మనం కొనేవాటిలో చాలా వరకు అక్రిలిక్ అనే కృత్రిమ పోగువి. చూడటానికి ఉన్నిలాగే ఉంటుంది, వెచ్చగానూ ఉంటుంది, కానీ పురుగు దాన్ని తినదు, ఫెల్టింగ్ సూదికీ అది సరిగ్గా లొంగదు. లేబుల్ చిరిగిపోయి ఉంటే లోపలి కుట్టు అంచు నుంచి చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని సింక్ పైన అంటించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నా బట్టలన్నీ ఈ పరీక్షలో నెగ్గాయి. పురుగు ముందే సర్టిఫికెట్ ఇచ్చిందనుకోండి.

ఉన్ని అని తేలినా పని అయిపోదు. వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చు అని లేబుల్ మీద రాసి ఉన్న ఉన్ని బట్టల్లో చాలా వాటికి సూపర్‌వాష్ ప్రక్రియ జరిగి ఉంటుంది. ఉన్ని పోగుని మైక్రోస్కోప్ కింద చూస్తే దాని మీద చేప పొలుసుల్లాంటి పొరలు ఒకదాని మీద ఒకటి కప్పి ఉంటాయి. ఆ పొలుసుల అంచులు ఒకదానికొకటి చిక్కుకోవడమే ఫెల్టింగ్. వేడినీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే మెషీన్‌లో వేసిన స్వెట్టర్ పిల్లల సైజుకి ముడుచుకుపోయేది అందుకే. కాశ్మీర్లో, రాజస్థాన్‌లోని టోంక్‌లో నమ్దాలు తయారు చేసేవాళ్ళు అదే గుణాన్ని నమ్ముకుని, ఉన్ని పరిచి, నీళ్ళు చల్లి, చుట్టి దొర్లించి, నేత లేకుండానే దుప్పటంత గట్టి బట్ట తీస్తారు. సూపర్‌వాష్‌లో ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి, పైన సన్నటి రెజిన్ పూత వేస్తారు. ఉతకడానికి హాయి. కానీ అలాంటి బట్ట కొత్త ఉన్నిని పట్టుకోదు. ఎంత పొడిచినా నాలుగు ఉతుకుల్లో అతుకు లేచి వస్తుంది.

సూది చూస్తే మామూలు కుట్టు సూదిలా ఉండదు. మూడంగుళాల పైచిలుకు పొడవు, పైన ఎల్ ఆకారంలో వంపు, కింది భాగం మూడు పలకలుగా ఉండి, ఆ పలకల అంచుల మీద కిందికి చూసే చిన్న చిన్న గాట్లు. కిందికి దిగేటప్పుడు గాట్లు పోగుల్ని పట్టి లోపలికి తోస్తాయి. పైకి వచ్చేటప్పుడు వదిలేస్తాయి. ఈ సూదులు మొదట ఫ్యాక్టరీల్లోవి. వేల సూదులు బిగించిన యంత్రాలు నేయకుండానే ఫెల్ట్ అనే దట్టమైన గుడ్డ తయారు చేసేవి. 1980ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎలెనార్, డేవిడ్ స్టాన్‌వుడ్ దంపతులు ఆ సూదిని చేత్తో పట్టుకుని వాడటం మొదలుపెట్టారని చెబుతారు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. 36 మందమైన ఉన్నికి, 38 చాలా పనులకి, 40 సన్నటి బట్టలకి. నేను 38, 40 ఎక్కువగా వాడాను. రంగురంగుల ఉన్ని, పిడి, బొమ్మల పుస్తకం కలిపి అమ్మే కిట్‌లు కొనక్కర్లేదు. వాటిలో చాలావరకు బొమ్మలు చేసుకోవడానికి పనికొచ్చే సామాను.

కింద పెట్టుకోవడానికి ఏదో ఒకటి మెత్తగా, లోతుగా ఉండాలి. సూది బట్టని దాటి కిందికి దిగాలి కదా. గట్టి స్పాంజి ఫోమ్ వాడతారు, కొన్నాళ్ళకి అది పొడి రాలుతుంది. థర్మోకోల్ అసలు వద్దు, దాని పూసలు ఉన్నిలో చేరితే ఏరలేం. బాస్మతి బియ్యం వచ్చే చిన్న గోనె సంచిని కత్తిరించి, పిడికిళ్ళ కొద్దీ బియ్యం పోసి, నాలుగు వైపులా కుట్టేశాను. ఇది నా కనిపెట్టుడు కాదు, ఈ పని చేసేవాళ్ళు చాలామంది గోనె దిండే వాడతారు. సూది గింజల మధ్య నుంచి జారుతుంది, బరువు వల్ల దిండు కదలదు, ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇక పూడ్చడానికి ఉన్ని. ఇక్కడే అసలు రుచి. దుకాణంలో రెండు రకాలు దొరుకుతాయి. దువ్వి, పోగులన్నీ ఒకే దిక్కుకి పడేలా జడలా చుట్టినది ఒకటి. ఏకి, పోగులు అడ్డదిడ్డంగా ఉండి దూది పలకలా పరుచుకునేది ఇంకోటి. మొదటిది మెరుస్తూ అందంగా ఉంటుంది, మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నిలో ఎక్కువగా అదే దొరుకుతుంది. కానీ నున్నగా జారుతుంది, బట్టలో దిగడానికి మొండికేస్తుంది. చిల్లులకి ఏకిన ఉన్నే మేలు. అడ్డదిడ్డంగా ఉన్న పోగులు రెండు పోట్లకే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఇంట్లో మిగిలిన అల్లిక ఉన్ని ఉంటే దాన్నీ వాడొచ్చు. అంగుళం ముక్కలుగా కత్తిరించి, పురి విప్పి, కుక్కల్ని దువ్వే రెండు తీగ బ్రష్‌ల మధ్య పెట్టి అటూ ఇటూ లాగితే మెత్తటి ఉన్ని అవుతుంది. దూది ఏకే పనే, చిన్న మోతాదులో.

నా కార్డిగన్ నేవీ బ్లూ. దుకాణంలో కొన్న నేవీ ఉన్ని దాని మీద పెడితే కొట్టొచ్చినట్టు వేరే రంగు. బట్ట రంగు ఒక్కటి కాదని అప్పుడు పట్టి పట్టి చూస్తే తెలిసింది. పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని నలుపు, ముదురు నీలం, చిటికెడు గోధుమరంగు తీసుకుని, రెండు చేతులతో లాగి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మళ్ళీ లాగి, మళ్ళీ పెట్టి కలిపాను. పూర్తిగా కలిసిపోయేదాకా లాగితే రంగు చప్పబడుతుంది. మూడు రంగులూ కంటికి లీలగా కనిపించే దశలో ఆపితే లోతు ఉంటుంది. ఎన్నో ఏళ్ళు ఎండ, ఉతుకు చూసిన బట్ట పక్కన ఆ లోతు లేని అతుకు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. రాత్రి బల్బు వెలుగులో మాత్రం రంగు కలపకండి.

చిల్లులు వెతకడానికి కార్డిగన్‌ని కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను. ఒళ్ళో ఉంటే కనిపించనివి వెలుగులో చుక్కల్లా కనిపిస్తాయి. పురుగు పూర్తిగా కొరకకుండా పైపొర మాత్రం గీకి వదిలేసిన పల్చటి చోట్లు కూడా దొరుకుతాయి. వాటిని ఇప్పుడే పట్టించుకోకపోతే వచ్చే ఏడాది చిల్లులవుతాయి. ఒక్కోదానికీ తెల్ల దారంతో గుర్తు కుట్టాను. అల్లిక బట్ట అయితే ఇంకో జాగ్రత్త ఉంది. పురుగు ఒక పోగు తెంపితే దాని పైన, కింద ఉన్న ఉచ్చులు విడిపోయి నిచ్చెనలా జారిపోతాయి. అలా విడిగా ఉన్న ఉచ్చుల్లోంచి సన్నటి దారం తోడి, లాగకుండా వదులుగా ఆపాను. దారం బిగిస్తే బట్ట ముడతపడుతుంది, ఆ ముడత తర్వాత ఏం చేసినా పోదు.

చిల్లు మీద పెట్టే ఉన్ని ఎంతంటే, కింద బట్ట అల్లిక కనిపించేంత పల్చగా. ముందు అడ్డంగా ఒక పొర, దాని మీద నిలువుగా ఇంకో పొర. చిల్లు చుట్టూ అర సెంటీమీటరు ఎక్కువ. ఒకేసారి మందంగా పెడితే పైన ఉండ కడుతుంది, లోపలికి దిగదు. ముందు అంచు చుట్టూ పొడవాలి. అక్కడే పాత ఉన్ని ఉంది, పట్టుకునేది అదే. తర్వాత మధ్యలోకి రావాలి. సూది నిట్టనిలువుగా దిగాలి, నిట్టనిలువుగా రావాలి. పక్కకి వంచి లాగితే పుటుక్కున విరుగుతుంది, ఆ ఉక్కు అంత పెళుసు. విరిగిన మొన బట్టలో ఉండిపోతే వేసుకున్నప్పుడు గుచ్చుకుంటుంది కాబట్టి అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. పొడిచేటప్పుడు కళ్ళు సూది మీదే ఉండాలి. టీవీ చూస్తూ చేసే పని కాదిది. ఎడమ చేతి బొటనవేలికి, చూపుడు వేలికి తోలు తొడుగులు వేసుకున్నాను.

కొన్ని పోట్ల తర్వాత బట్టని దిండు నుంచి మెల్లగా లేపాలి. లేకపోతే ఉన్ని దిండుకి కూడా అతుక్కుపోతుంది. లేపి తిరగేస్తే అవతలి వైపు పోగులు నూగులా బయటికి వచ్చి ఉంటాయి. అటు నుంచి పొడిస్తే అవి మళ్ళీ ఇటు వస్తాయి. ఇలా రెండు వైపులా మారుస్తూ పోతే ఆ పోగులు బట్ట లోపలే చిక్కుపడి ఇటూ అటూ కదలలేని స్థితికి వస్తాయి. మొదట్లో గరగరమని తేలిగ్గా దిగే సూదికి రానురాను అడ్డు తగులుతుంది, చప్పుడు మారుతుంది. ఆ మార్పు చేతికి తెలిసిన క్షణం నాకు భలే నచ్చుతుంది. గోటితో మెల్లగా గీరి చూసి, పోగు లేవకపోతే ఆపేయాలి. ఇంకా గట్టిపడాలని పొడుస్తూ పోతే అతుకు అట్టలా బిగిసిపోయి చుట్టూ ఉన్న మెత్తటి అల్లికని తన వైపు లాగేస్తుంది. చివర్లో తడి గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెని ఉన్ని సెట్టింగులో పెట్టి, రుద్దకుండా అద్ది తీశాను. ఆవిరికి అతుకు సర్దుకుని చదునైంది. పైన మిగిలిన నూగుని చిన్న కత్తెరతో తీసేశాను. కార్డిగన్ కొద్దిగా నూగు ఉన్న బట్ట కాబట్టి అతుకులు దాదాపు మాయమయ్యాయి. వాటిని ఎక్కడ వేశానో ఇప్పుడు వేళ్ళతో తడిమితే గానీ చెప్పలేను.

అన్నింటిలోకీ నాకు తృప్తినిచ్చింది ట్వీడ్ కోటు. హారిస్ ట్వీడ్ అని పేరు పెట్టుకోవాలంటే స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో, అక్కడివాళ్ళు తమ ఇళ్ళ దగ్గరే నేసిన బట్ట అయి ఉండాలని 1993లో చట్టమే చేశారు. ఆ బట్ట గొప్పదనం రంగులో ఉంది. నూలు వడికాక రంగు వేయరు, ముందే ఉన్నికి రంగులు వేసి, ఆ రంగుల ఉన్నిని కలిపి ఏకి, తర్వాత వడుకుతారు. దూరం నుంచి చూస్తే మట్టిరంగు కోటు. దగ్గరికి తెచ్చి చూస్తే ఆ పోగులో నారింజ, నాచు పచ్చ, ఊదా, ఒక్కోచోట నీలం కూడా ఉన్నాయి. అంటే వాళ్ళు మగ్గానికి ముందు చేసిన పనినే నేను చిల్లు కోసం చిన్న ఎత్తున చేస్తున్నానన్నమాట. గోధుమరంగు ఉన్నిలో ఒక్కో రంగుదీ నాలుగైదు వెంట్రుకలు కలుపుకుంటూ, కోటు మీద పెట్టి చూసుకుంటూ, మళ్ళీ తీసి కలుపుతూ ఒక ఆదివారం మధ్యాహ్నమంతా గడిపాను. ట్వీడ్ మందంగా, గరుగ్గా ఉంటుంది, నేత కాబట్టి ఉచ్చులు జారే భయం లేదు. 38 సూదికి హాయిగా లొంగింది. జేబు పక్కనున్న చిల్లు పూడ్చాక దాని మీద కోటు లోపలి మడత నుంచి తీసిన రెండు పోగులు పెట్టి, నేత గీతల వెంట పొడిచాను. మా ఆయన ఆ కోటు వేసుకుని అద్దంలో చూసుకుని, "ఏ జేబు?" అని అడిగాడు.

బూడిదరంగు షెట్లాండ్ స్వెట్టర్‌కి దాచే ప్రయత్నం చేయలేదు. ఛాతీ మీద చిన్న చిన్న చిల్లులు చెల్లాచెదురుగా పడ్డాయి. ఆవపిండి రంగు ఉన్నితో ఒక్కోదాన్నీ గుండ్రటి చుక్కగా పూడ్చి, మధ్యలో ఖాళీగా ఉన్నచోట మరికొన్ని చుక్కలు కలిపితే, గీతలు కలపని చుక్కల ముగ్గులా కుదిరింది. మోచేతి దగ్గర మాత్రం ఇది చాలదు. అక్కడ రోజూ రాపిడి, సాగుడు. ఫెల్ట్ అతుకు సాగదు కాబట్టి అంచు దగ్గర పట్టు వదిలేస్తుంది. కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ నాకు పుట్టగొడుగు ఆకారంలో ఉన్న చెక్క పిడి ఇచ్చింది. దాన్ని మోచేతి లోపల పెట్టి, ఉన్ని దారంతో నిలువు పోగులు వేసి, వాటి మధ్య నుంచి అడ్డం పోగులు అల్లి చిల్లు మూశాను. ఆ అల్లిక మీద పల్చగా ఉన్ని వేసి పొడిచాను. దారం బలం ఇచ్చింది, ఫెల్ట్ గీతల్ని కప్పింది. మోచేతికీ మడమకీ ఈ రెండూ కలిపే చేయమంటాను.

మా ఆయనకే ఒక సన్నటి మెరినో స్వెట్టర్ కూడా ఉంది, ఆఫీసుకి వేసుకునే రకం. దాని లేబుల్ చూసి, ముందు లోపలి అంచు మీద 40 సూదితో పొడిచి చూశాను. ఉన్ని దిగలేదు సరికదా, సూది గాట్లు ఆ సన్నటి పోగుల్నే తెంపుతున్నాయి. దాన్ని అక్కడితో వదిలేసి, సన్నటి పోగుతో చేతికుట్టు వేసి ఊరుకున్నాను. ఏ బట్టకైనా కనిపించని చోట ఈ పరీక్ష చేయకుండా చిల్లు దగ్గరికి వెళ్ళకండి.

శాలువాని నేను ముట్టుకోలేదు. పష్మీనా పోగు వెంట్రుక కన్నా ఎంతో సన్నం, నేత గాలి ఆడేంత పల్చన. అందులో ఫెల్ట్ ముక్క పెడితే చిల్లు కన్నా అతుకే ఎక్కువ కనిపిస్తుంది. అది రఫూగర్ చేయాల్సిన పని. ఆ బట్ట అంచు నుంచే పోగులు తీసి, తెగిన నేతని పోగు పోగునా తిరిగి నేసేవాళ్ళు వాళ్ళు. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్లకి పేరుమోసిన ఊరు, కాశ్మీర్ సంగతి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ పాతబస్తీలోనూ రఫూ చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. నీడిల్ ఫెల్టింగ్ నేర్చుకున్నాక వాళ్ళ పనిమీద నాకు గౌరవం పెరిగింది. నేను చిల్లుని పూడుస్తున్నాను, వాళ్ళు బట్టని మళ్ళీ పుట్టిస్తారు. శాలువా ఫ్రీజర్ నుంచి వచ్చాక కాగితంలో చుట్టి, ఊరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళే సామానులో పెట్టాను.

ఇదంతా విన్నాక అమ్మకీ ఉత్సాహం వచ్చి, సిద్దిపేట దగ్గర మా తాతగారింట్లో ఉన్న గొంగడి తెచ్చి చూపించింది. దక్కని గొర్రె నల్ల ఉన్ని, కురుమలు వడికి నేసినది, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచినది. ఒక మూల ఎలుక కొరికింది. సెలవుల్లో వెళ్ళినప్పుడు 36 సూది వెంట తీసుకెళ్ళాను. గొంగడి అంచు కుచ్చుల నుంచే కాస్త ఉన్ని తీసి, దువ్వెనతో విప్పి, చిల్లు మీద వేసి పొడిచాను. మెరినోతో పోలిస్తే ఆ పోగు మోటు, వెంట్రుకల్లా నిటారుగా ఉంటుంది, నీళ్ళతో చేసే ఫెల్టింగ్‌కి అంతగా ముద్దకట్టదేమో గానీ సూదికి మాత్రం చక్కగా దిగి నిలిచింది. బయటికి వచ్చిన పోగుల్ని ఒక్కోదాన్నీ లోపలికి తోయబోతే అమ్మ నవ్వి, "గొంగట్ల తినుకుంట ఎంటికెలు ఏరినట్టున్నది, ఇగ చాలు" అంది. నిజమే, గొంగడికి నున్నదనం అక్కర్లేదు. ఆ ఉన్నికి ఇప్పుడు కొనేవాళ్ళు తగ్గి, గొర్రెలు పెంచేవాళ్ళకి కత్తిరించిన ఉన్ని బరువైపోతోందని విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. మన దగ్గర చిల్లులు పూడ్చుకోవడానికి విదేశీ మెరినో తెప్పించుకోనక్కర్లేదు. మందమైన రగ్గులకి, దుప్పట్లకి ఈ నల్ల ఉన్నే సరిపోతుంది.

బాగుచేసిన బట్టల్ని ఉతకడం గురించి కూడా చెప్పాలి. చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్ళలో ఉన్నికని అమ్మే లిక్విడ్ వేసి, నానబెట్టి, పిండకుండా నొక్కి నీళ్ళు తీయాలి. మామూలు సర్ఫ్ పొడుల్లో చాలావాటికి ఎంజైమ్‌లు ఉంటాయి. మరకల్లోని ప్రోటీన్‌ని కరిగించడం వాటి పని, ఉన్ని కూడా ప్రోటీనే. తువ్వాలులో చుట్టి నీళ్ళు పీల్పించి, పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే నీళ్ళ బరువుకి సాగుతుంది. నా కార్డిగన్ ఇప్పటికి ఎన్నోసార్లు అలా ఉతికాను, అతుకులు ఇంకా బిగిశాయి. దాచేముందు తప్పకుండా ఉతికి దాచండి. చెమట, మరక లేని ఉన్ని జోలికి చిమ్మట అంత తొందరగా రాదు. వేపాకులు, దేవదారు ముక్కలు పెట్టుకుంటే పెట్టుకోండి, మంచి వాసన వస్తుంది, కానీ నేను వాటి మీద భరోసా పెట్టుకోను. నెలకోసారి తీసి, దులిపి, వెలుగు చూపించడాన్నే నమ్ముతాను.

మా వీధిలోనే ఉండే ఒక గుంటూరు వాళ్ళమ్మాయి మొన్న తన కొడుకు స్కూలు స్వెట్టర్ తెచ్చింది. "అక్కా, దీనికి కూడా నీ సూది మంత్రం వేయవా, మొన్ననే కొన్నాను" అని. పోగు అంటించి చూస్తే పూస కట్టింది, అక్రిలిక్. తెగిన ఉచ్చుల్ని ముందు దారంతో ఆపి, చిల్లు వెనక ఉన్ని ఫెల్ట్ గుడ్డ ముక్క పెట్టాను. ముందువైపు నుంచి ఎర్ర ఉన్నితో వాడు అడిగిన రాకెట్ బొమ్మ పొడిచాను. పైన వేసిన ఉన్ని చిల్లులోంచి దిగి వెనకున్న ఫెల్ట్‌ని పట్టుకుంది. మధ్యలో ఇరుక్కున్న అక్రిలిక్ దేన్నీ పట్టుకోదు కాబట్టి బొమ్మ చుట్టూ అదే రంగు దారంతో చిన్న కుట్లు వేసి, చేత్తోనే ఉతకమని చెప్పి ఇచ్చాను. రెండు మూడు ఉతుకులయ్యాక ఎలా ఉందో చూసి చెప్తానంది.